ఈ ఉగాదికి గుర్రం వద్దు, బాడుగ మాత్రం ఇద్దాం



ఉగాది ఊరేగింపుకు గుర్రం పెట్టాలా వద్దా అని నాలుగు రోజులుగా మనలో మాటలు నడుస్తున్నాయి. ప్రతి ఏడూ పెరంబూరు వీధుల్లో కృష్ణదేవరాయల వేషం వేసిన పిల్లవాణ్ణి ఎక్కించుకుని ముందు నడిచేది ఆ తెల్ల గుర్రమే. తై నెలలో ఒక పెళ్ళి ఊరేగింపులో దాని ముందుకాలు గుంతలో పడి నరం దెబ్బతింది. ఇప్పుడు కుంటడం లేదు కదా, పిలుద్దాం అంటున్నారు కొందరు. పిలవకూడదని మా అభిప్రాయం. ఎందుకో చెప్తాం, ఓపికగా చదవండి.

కుంటు పోవడం వేరు, కాలు నయం కావడం వేరు. గుర్రానికి మోకాలి కింద కండ ఉండదు. ఎముక, దాని వెనక తాళ్ళలాగా దిగే నరాలు, పైన తోలు, అంతే. ఈ నరాన్నే డాక్టర్లు టెండన్ అంటారు. దానికి రక్తం అందేది తక్కువ, అందుకే మానడం ఆలస్యం. వాపూ నొప్పీ కొన్ని వారాల్లో తగ్గిపోతాయి. లోపల తెగిన పోగుల చోట కొత్తగా పుట్టిన కండె గట్టిపడడానికి మాత్రం నెలలు పడుతుంది. దెబ్బ కొంచెం పెద్దదైతే తొమ్మిది నెలలు, ఏడాది కూడా పడుతుంది. మానిన తర్వాత కూడా ఆ చోట పాత సాగుడు ఉండదు. నొప్పి పోయింది, నరం ఇంకా పచ్చిగానే ఉంది అన్న ఈ మధ్య కాలమే అన్నిటికంటే ప్రమాదం. గుర్రం తనకు బాగుందనుకుని ఎగురుతుంది, మనమూ బాగుందనుకుని ఎక్కుతాం. అదే నరం మళ్ళీ తెగితే ఆ గుర్రం ఇక పనికి రాకపోవచ్చు.

రైల్వేలో పని చేసి రిటైరైనవాళ్ళం మన సంఘంలో చాలామందిమి ఉన్నాం. మనకు ఇది కొత్త కాదు. పట్టాల కింద కంకర తీసి కొత్తగా వేసిన చోట మొదటి రోజే బండిని పూర్తి వేగంతో పోనిస్తారా? ముందు 20 కిలోమీటర్లు, తర్వాత 45, తర్వాత 75, అలా మెట్టు మెట్టుగా పెంచుతారు. అంతవరకూ డ్రైవరు చేతిలో కాషన్ ఆర్డరు ఉంటుంది. సిక్‌లో ఉన్న మనిషి కూడా రైల్వే డాక్టరు ఫిట్ సర్టిఫికెట్ ఇవ్వందే డ్యూటీలో చేరలేడు. ఇనుముకూ మనిషికీ ఉన్న నియమం నోరులేని జీవానికి ఎందుకు ఉండకూడదు?

అలాగని కట్టేసి ఉంచితే చాలనీ కాదు. కొత్త పోగులు సరైన వరసలో పేరుకోవాలంటే కొలిచిన నడక కావాలి. వీపు మీద ఎవరూ లేకుండా, పగ్గం పట్టుకుని, చదునైన గట్టి నేల మీద పూటకు పది నిమిషాలతో మొదలు. వారానికో రెండు వారాలకో ఐదు నిమిషాలు పెంచాలి. ఇసుకలో కాలు దిగబడితే నరం లాగుతుంది కాబట్టి బీచికి తీసుకుపోకూడదు. రోజూ పొద్దున రెండు కాళ్ళూ చేత్తో తడిమి పోల్చి చూడాలి. దెబ్బ కాలు వేడిగా ఉన్నా, ఉబ్బినా ఒక మెట్టు వెనక్కి రావాలి. మనిషిని ఎక్కించడం, దుడుకు నడక, ఇవన్నీ స్కాన్ చూసి డాక్టరు చెప్పాకే. పని లేనప్పుడు ఉలవలు తగ్గించి గడ్డి పెంచాలి. ఉలవల్ని కొళ్ళు అని పిలుస్తూ పెరిగిన మనకు తెలుసు, పని చేసే గుర్రం మేత అది. ఊరికే నిలబెట్టి అదే మేత పెడితే, మళ్ళీ పనికి దింపిన రోజు కండలు పట్టేసి కూలబడుతుంది.

ఊరేగింపు రెండు కిలోమీటర్ల నడకే కదా అని ఒక అన్న అన్నారు. నడక ఒక్కటే అయితే మేమూ ఆలోచించేవాళ్ళం. మేళం మోగుతుంది, టపాకాయలు పేలుతాయి, గుర్రం బెదిరి పక్కకు దూకుతుంది, ఇరుకు సందులో గిర్రున తిప్పుతారు. ఎండలో తారు రోడ్డు మీద మూడు గంటలు. పైన ఎనిమిదేళ్ళ పిల్లవాడు. కాలు మడతపడితే పడేది గుర్రం ఒక్కటే కాదు.

చట్టం కూడా ఉంది. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షను ప్రకారం జబ్బు వల్లా గాయం వల్లా పనికి తగని జంతువును పనిలో పెట్టడం నేరం. యజమానికే కాదు, పనిలో పెట్టినవాళ్ళకీ అది వర్తిస్తుంది. అంటే మన సంఘానికి.

ఇక అసలు చిక్కు. గుర్రాన్ని తీసుకురమ్మంటే ఆయన వద్దనడు. రెండు నెలలుగా సంపాదన లేదు, మేత ఖర్చు ఆగలేదు. బాడుగ వస్తుందంటే కాలు సంగతి పక్కన పెడతాడు. తప్పు ఆయనది కాదు, కడుపుది. "మనం పిలవకపోతే ఆయన పస్తులుండడా?" అని అడిగినవాళ్ళ మాటలో న్యాయం ఉంది. దానికి జవాబు గుర్రాన్ని నడిపించడం కాదు, నడిపించకుండానే బాడుగ ఇవ్వడం. ఇన్నేళ్ళు మన పండగకు ముందు నడిచినందుకు అది దానం కింద రాదు, సెలవు జీతం కింద వస్తుంది. మనం సెలవు జీతం తిన్నవాళ్ళమే కదా!

కాబట్టి ఆదివారం మీటింగులో మేము పెట్టబోయే మాటలు ఇవి. ఈ ఏడు రాయలవారు పూలు కట్టిన తోపుడు బండి మీద వస్తారు. గుర్రానికి ఇచ్చే బాడుగ ఎప్పటిలాగే పూర్తిగా ఆయన చేతికి ఇద్దాం. వేపేరిలో 1903 నుంచీ ఉన్న పశువైద్య కళాశాల మనకు దగ్గరే. గుర్రాన్ని అక్కడికి తీసుకుపోయే వాను ఖర్చు, వైద్యం ఖర్చు తలా కొంచెం వేసుకుందాం. వచ్చే ఏడు నుంచి ఏ గుర్రమైనా, ఎద్దుబండైనా డాక్టరు చీటీ ఉంటేనే మన ఊరేగింపులోకి రావాలి.

గుర్రం లేకపోతే కళ ఏముంటుంది అన్న పిలకాయలకు ఒక మాట. అది బాగుపడితే ఇంకో పదేళ్ళు మన ముందు నడుస్తుంది. ఈ ఒక్క ఏడు దాన్ని నిలబడనివ్వండి. మీటింగుకు అందరూ రండి, ఒప్పుకోనివాళ్ళు కూడా తప్పకుండా రండి.