చేతికి తెలియని గేరు

మొన్న మా మేనల్లుడు కొత్త కారు తెచ్చి, "మామయ్యా, ఓసారి తోలి చూడు" అన్నాడు. ముప్పై ఏళ్లు అంబాసిడర్ తోలిన చెయ్యి నాది. గేరు రాడ్డు తాకితే చాలు, ఏ గేరులో ఉన్నానో కళ్లు మూసుకుని చెప్పేవాణ్ణి. ఈ కారులోనో, రాడ్డును ముందుకు తోసినా వెనక్కి లాగినా, వదలగానే బుద్ధిమంతుడిలా మధ్యకే వచ్చి నిలబడుతుంది! గేరు మార్చమని లోపలి యంత్రానికి కబురు పంపడం వరకే దాని పని. ఏ గేరు పడిందో ఎదుట వెలిగే అక్షరం చూసి తెలుసుకోవాలి.

"చూసుకోకపోతే?" అన్నాను.

"అది తోలేవాడి తప్పు" అన్నాడు వాడు.

అంత తేలిగ్గా ఎలా అనేస్తాం? అమెరికాలో జీప్ గ్రాండ్ చెరోకీ వంటి బళ్లకు ఇలాంటి రాడ్డే పెట్టారు. 'పార్క్'లో పడిందనుకుని జనం దిగిపోవడం, బండి దొర్లిపోవడం! 2016 ఏప్రిల్‌లో కంపెనీ 11 లక్షల పైచిలుకు బళ్లను మరమ్మతుకు పిలిచింది. ఆ జూన్‌లోనే లాస్ ఏంజెలిస్‌లో ఆంటన్ యెల్చిన్ అనే 27 ఏళ్ల సినిమా నటుడు, తన ఇంటి వాకిట్లోనే, వెనక్కి దొర్లిన అలాంటి జీపుకూ ఇటుక స్తంభానికీ మధ్య నలిగి చనిపోయాడు. మరమ్మతేమిటంటారా? ఆగిన బండి తలుపు తీస్తే దానంతటదే పార్క్‌లో పడేటట్టు చేశారు. తప్పంతా తోలేవాడిదే అయితే బండినెందుకు బాగుచేసినట్టో!

మావాడి కారు దిగబోతూ హ్యాండు బ్రేకు కోసం తడుముకున్నాను. అదీ ఓ మీటేనట.