కంప్యూటరు లోకం: వేయి అంటే ఎంత?

గత మాసంలో ఒక ఆదివారం సాయంత్రం మా పొరుగున అద్దెకుంటున్న యువకుడు ముఖం చిన్నబుచ్చుకొని మా ఇంటికి వచ్చాడు. సివిల్స్ శిక్షణ కోసం గుంటూరు నుండి కరోల్ బాగ్ చేరిన కుర్రవాడు. ఇంటినుండి వచ్చే డబ్బులో మిగిల్చి, పాఠాల వీడియోలు దాచుకొనేందుకు గఫార్ మార్కెట్టులో ఒక టెరాబైటు హార్డ్ డిస్కు కొన్నాడట.

"బాబాయిగారూ, డబ్బా మీద 1 టీబీ అని ఉంది. కంప్యూటరుకు తగిలిస్తే 931 జీబీయే చూపుతోంది. మిగతా 69 జీబీ ఏమైనట్లు? అన్నింటిలోనూ ఇంతే వస్తుందంటాడు దుకాణదారు. రేపు మీరు కూడా వస్తే గట్టిగా నిలదీద్దాం" అన్నాడు.

ఆ మార్కెట్టులో బేరమాడటంలో నాకూ కొంత అనుభవం ఉన్నది. అయినను ఈసారి నేను దుకాణదారు పక్షమే వహించవలసి వచ్చింది.

కంప్యూటరు ర్యామ్‌లో ఒక్కొక్క గడికి ఒక చిరునామా ఉంటుంది. ఆ చిరునామాను మోసే తీగ ప్రతి ఒక్కటీ సున్నా లేక ఒకటి, ఈ రెండే చెప్పగలదు. ఒక తీగకు రెండు గడులు, రెండు తీగలకు నాలుగు, మూడింటికి ఎనిమిది. ఇట్లు రెట్టింపవుతూ పది తీగలకు 1024 గడులు. వేయికి చేరువగానే ఉన్నది కదా అని తొలితరం ఇంజనీర్లు దీనినే 'కిలో' అన్నారు. హార్డ్ డిస్కుకు ఈ నిర్బంధం లేదు. కనుక దాని తయారీదారులు కిలో అంటే వేయి, గిగా అంటే నూరు కోట్లు, టెరా అంటే లక్ష కోట్లు అన్న మెట్రిక్ లెక్కనే పాటిస్తారు. మావాడి డిస్కులో లక్ష కోట్ల బైట్లు ఉన్నవి. విండోస్ ఆ సంఖ్యను 107,37,41,824తో భాగించి, వచ్చిన 931ని 'జీబీ' అని చూపుతున్నది. బైటు ఒక్కటీ పోలేదు, కొలపాత్ర మారింది.

రెండేసి భాగాల లెక్క మనకు కొత్త కాదు. అర, పాతిక, పరక, వీసం అంటూ మన పెద్దలు సగాలకు సగాలు చేసుకుంటూ పోయినవారే. రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు కానులు, వెరసి అరవై నాలుగు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చినపుడు రూపాయికి నూరు పైసలయినవి. పాత పైసాతో పొరబడకుండా ప్రభుత్వం ముందే జాగ్రత్తపడి కొత్తదానికి 'నయా పైసా' అని పేరు పెట్టింది. జనం అలవాటు పడిన తరువాత 1964లో ఆ 'నయా'ను తొలగించారు. అయినా చిక్కులు రాకపోలేదు. అణాకు ఆరు నయా పైసలని పట్టికలో ఉండేది. నాలుగు అణాలను విడివిడిగా మార్చుకొంటే ఇరవై నాలుగే, పావలాగా మార్చుకొంటే ఇరవై అయిదు!

కంప్యూటరు రంగంలో ఆ ముందుచూపు లేకపోయింది. కిలో వద్ద తేడా నూటికి 2.4 మాత్రమే కనుక ఎవరూ పట్టించుకోలేదు. మెగా వద్ద అది దాదాపు 5, గిగా వద్ద 7 పైచిలుకు, టెరా వద్ద ఇంచుమించు 10 అయినది. (ఒకప్పటి 1.44 ఎంబీ ఫ్లాపీ మరీ విడ్డూరం. దానిలోని 14,74,560 బైట్లు 1000ని 1024తో హెచ్చవేసి తీసిన 'మెగా'కు మాత్రమే సరిపోతాయి, అంటే రెండు లెక్కల సంకరం!) అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 1998లో రెండవ లెక్కకు కిబి, మెబి, గిబి, టెబి అని వేరు పేర్లు నిర్ణయించింది. గ్రంథాలలో చేరినంతగా అవి నాలుకల మీదికి రాలేదు. అమెరికాలో ఈ విషయమై దావా నడిచి, 2007లో సీగేట్ సంస్థ కొనుగోలుదారులతో రాజీ పడింది. 2009లో యాపిల్ తన కంప్యూటర్లలో మెట్రిక్ లెక్కకు మారింది. విండోస్ మాత్రం పాత దారినే ఉన్నది.

కుర్రవాడికి నమ్మకం కుదరలేదు. డిస్కు గుర్తు మీద కుడి మీట నొక్కి 'ప్రాపర్టీస్' తెరిపించాను. అక్కడ బైట్ల సంఖ్య పూర్తిగా కనిపిస్తుంది. వేలు పెట్టి అంకెలు లెక్కించాడు: లక్ష కోట్ల పైచిలుకు.

అయితే 931 కనిపించినంత మాత్రాన సరుకు అసలుదని చెప్పలేము. నకిలీ డిస్కులు, పెన్ డ్రైవులు అంకెను నిండుగానే చూపుతాయి; లోపల అంత చోటుండదు. నిండిన తరువాత పాతవాటి మీదనే కొత్తవి రాసివేస్తాయి. అందుచేత కొన్న వెంటనే దానిని ఒకసారి నిండా నింపి, ఫైళ్లన్నీ తెరుచుకొంటున్నవో లేవో చూడమన్నాను. రెండు రాత్రులు ఆ పనిలోనే గడిపాడు. అన్నీ తెరుచుకొన్నవి.

బుధవారం నాడు మళ్లీ అదే దుకాణానికి వెళ్లాడు, డిస్కుకు ఒక సంచి కొనడానికి. దాని మీద పది రూపాయలు తగ్గించుకొని మరీ వచ్చాడు.