ఫూలే ఇంటి నీళ్ళు

మా బడి పుస్తకాల్లో కట్టడాలంటే కోటలు, గుళ్ళు, దర్వాజాలు. మామూలు ఇల్లు ఉండదు. శూద్రుడి ఇల్లు అసలే ఉండదు. అందుకే మేము పిల్లలకు పుణెలోని ఒక ఇంటి సంగతి చెప్తున్నాం.

గంజ్ పేటలో జోతిరావు ఫూలే, సావిత్రిబాయి బతికిన ఇల్లది. 1852 నాటిది. ఫూలే వాడా అంటారు. మరాఠీలో వాడా అంటే పెద్దింటోళ్ళ లోగిలి. మన దగ్గర వాడ అంటే మనల్ని నెట్టేసిన ఊరవతలి చోటు. మాట ఒకటే, బతుకులే వేరు!

అదే పుణెలో పీష్వాల శనివార్ వాడా ఉంది. 1732లో కట్టడం పూర్తయింది. పీష్వాల ఏలుబడిలో అంటరానివాళ్ళు మెడలో ముంత, నడుముకు చీపురు కట్టుకుని తిరగాల్సి వచ్చేదని అంబేద్కర్ రాశారు. ఆ మహలు 1828లో తగలబడింది. మిగిలిన గోడల్ని, దర్వాజాను జనం టిక్కెట్టు కొని చూస్తున్నారు.

ఫూలే ఇంటికి అంత హంగు లేదు. పెంకుల కప్పు, చెక్క స్తంభాలు, చిన్న గదులు, వాకిలి, బావి. ఓ మోస్తరు రైతు ఇల్లనుకోండి. కానీ 1863లో, గర్భంతో ఉండి దిక్కులేని వితంతువులకు ఆ దంపతులు ఆశ్రయమిచ్చారు. ఒక బ్రాహ్మణ వితంతువు కన్న బిడ్డనే పెంచుకున్నారు. ఆ బిడ్డే యశ్వంత్. 1868లో తమ ఇంటి మంచినీళ్ళ హౌజును అంటరానివాళ్ళకు తెరిచారు. మీరే ముంచుకోండి అన్నారు.

ఈ ముంచుకోవడం ఎంత మాటో మనకు తెలుసు. మా నాయనమ్మ బావిగట్టు కింద కడవ పెట్టి, ఎవరైనా దయతలచి పోసేదాకా ఎండలో నిలబడేది. దోసిలి పట్టి తాగేది. కడవ గట్టుకు తగిలితే తిట్లు. ఆ హౌజు గురించి ఆమెకెవరూ చెప్పలేదు. చెప్పుంటే ఆ గట్టెక్కేదేమో!

ఫూలే 1890లో ఈ ఇంట్లోనే పోయారు. సమాధి ఆ ఆవరణలోనే ఉంది. ఇప్పుడది ప్రభుత్వ రక్షిత కట్టడం. 1848లో వాళ్ళు ఆడపిల్లల బడి పెట్టిన భిడే వాడాకు ఆ భాగ్యం దక్కలేదు. అది శిథిలమైపోతే, స్మారకం కడతామని 2023 డిసెంబర్‌లో కూల్చేశారు. స్మారకం రావాల్సిందే. కానీ ఆ గోడలు మళ్ళీ రావు.

మా పేటలో మాకు రాత్రిబడి నడిచిన పెంకుటిల్లు ఒకటుంది. వెనకగోడ వానకు నానిపోయింది. పంచాయతీని అడిగితే పాత కొంప అన్నారు. ముందు పెంకులు మనమే సర్దుదాం. మీ పేటల్లో ఇట్లాంటి ఇల్లుంటే ఎవరు కట్టారో, ఎవరు చదివారో ముసలోళ్ళు ఉండగానే రాసి పంపండి.