గుండాల ఉష్ణగుండానికి దారి చూపించండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పర్యాటకాభివృద్ధి సంస్థల అధికారులకు:

భద్రాద్రి రాముడి దర్శనానికి వచ్చినవాళ్లలో ఎంతోమంది, దగ్గర్లోనే ఉన్న గుండాల ఉష్ణగుండం సంగతి తెలియకుండానే తిరుగు బస్సెక్కేస్తారు. చలికాలంలో గోదావరి తగ్గాక అక్కడ ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్లు ఊరతాయి. త్రిమూర్తులు శీతాకాలంలో అక్కడ స్నానమాడారని భక్తుల నమ్మకం. భద్రాచలం గుడి తెలంగాణలో ఉంది. గుండాల మాత్రం 2014లో ఏటపాకతోపాటు ఆంధ్రలో కలిసింది. రెండుచోట్లకూ వచ్చే యాత్రికుడు ఒక్కడే కాబట్టి మీ ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

రిసార్టులు కట్టమని అడగను. ఇలాంటి చోట్లు వేరే దేశాల్లో ఎలా నడుస్తున్నాయో చూడమంటాను. న్యూజిలాండ్‌లోని హాట్ వాటర్ బీచ్‌లోనూ జనం ఇసుక తవ్వుకునే స్నానం చేస్తారు. సముద్రం బాగా వెనక్కి తగ్గిన సమయానికి అటూ ఇటూ రెండేసి గంటలే అది కుదురుతుంది. అందుకే వేళ చూసుకుని మరీ వెళ్తారు. పారలు అద్దెకు దొరుకుతాయి. జపాన్‌లోని కవాయు మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ. అక్కడా ఏటి ఒడ్డున తవ్వితే వేడినీరే. చలికాలం వచ్చిందంటే ఏట్లోనే పెద్ద మడుగు కట్టి అందరికీ ఉచితంగా వదిలేస్తారు.

మనకూ వేళ చెప్పడమే ముఖ్యం. భద్రాచలంలో వరదొస్తే గోదావరి నీటిమట్టం 43, 48, 53 అడుగులు చేరినప్పుడు మూడు హెచ్చరికలు ఇస్తారు. ఆ నీటిమట్టం ఎంత ఉందో చలికాలంలోనూ గుడి దగ్గర, బస్టాండులో బోర్డు మీద రాయండి. గుండం తవ్వారా, నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయి అన్నదీ చేర్చండి. గుంటలో చెయ్యి పెట్టి చూసి, ఏటి నీళ్లు కలిపి, "ఇక దిగండమ్మా" అని చెప్పే మనిషి అక్కడ ఉండాలి. ఆ పని స్థానిక గిరిజన యువతకే జీతమిచ్చి అప్పగించండి. ఆడవాళ్లు బట్టలు మార్చుకోవడానికి గది తప్పనిసరి. చర్మరోగాలు పోతాయని ప్రచారం చేసే ముందు నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం అందరికీ కనపడేలా పెట్టండి.

ఒకసారి వచ్చినవాళ్లను మరిచిపోకండి. ఇష్టపడి ఇచ్చినవాళ్ల ఫోన్ నంబర్లు రాసుకుని, మరుసటి ఏడు గుండం తవ్విన రోజున మెసేజ్ పంపండి. ఏం ఇబ్బంది పడ్డారో అడగండి. సరిచేశాక ఆ మాట వాళ్లకే తిరిగి చెప్పండి. మళ్లీ వస్తారు, చుట్టాలనూ వెంటబెట్టుకొస్తారు.

ముక్కోటి ఏకాదశికి భద్రాచలం జనంతో నిండిపోతుంది. ఈ ముక్కోటికైనా రెండు సంస్థల పేర్లతో ఒక్క బోర్డు పెట్టించమని కోరుతున్నాను.