ఆరోగ్య వీక్షణం: జ్వరము, గడ్డి, నల్లని మచ్చ

అమెరికాలో పిల్లలున్న మన కుటుంబాలలో లైమ్ వ్యాధి పేరు అప్పుడప్పుడు వినవస్తున్నది. పిడుదు కాటు వలన సోకే ఆ వ్యాధి నాడీమండలానికి ప్రాకినపుడు మూతి వంకరపోవును, మెదడు పొరలు వాచును. ఇక్కడ న్యూ టౌన్‌లో ఉన్న పాఠకులు అంతకంటె ముందుగా అనుమానించవలసినది స్క్రబ్ టైఫస్ అని మా అభిప్రాయము.

గడ్డిలో, పొదలలో ఉండే ఒక రకపు నల్లి పిల్లలు దీనిని అంటించును. అవి కంటికి ఆనవు. రాజర్‌హాట్ పొలాలపై వెలసిన ఈ నగరంలో మేడల నడుమ గడ్డి పెరిగిన ఖాళీ స్థలాలు నేటికీ ఉన్నవి. బంతి కొరకు పిల్లలు దూరేదీ వాటిలోనికే. కాటు పడిన 6 నుండి 21 రోజులలో జ్వరము, తలనొప్పి మొదలగును. అశ్రద్ధ చేసిన కొందరిలో మెడ బిగియుట, మాట తడబడుట, మూర్ఛలు, స్పృహ తప్పుట సంభవించును. చెవి మందగించుట కూడ ఒక ఆనవాలు.

చిక్కంతా ఇక్కడే. వెన్నునీరు పరీక్షిస్తే క్షయ వలన వచ్చే మెదడు పొరల వాపును పోలి ఉండవచ్చును. మెదడు వాపుకు సాధారణంగా మొదలుపెట్టే సెఫ్‌ట్రియాక్సోన్ సూదిమందు లైమ్ వ్యాధిపై చక్కగా పనిచేయును; స్క్రబ్ టైఫస్‌పై పనిచేయదు. రెంటికీ పనికివచ్చేది డాక్సీసైక్లిన్. ఎలీసా రక్తపరీక్ష తొలి నాలుగైదు రోజులలో ఏమీ తేల్చకపోవచ్చును గనుక, అనుమానము బలముగా ఉన్నపుడు ఫలితము వచ్చేవరకు ఆగక వైద్యులు మందు ప్రారంభింతురు. చాలమందిలో రెండు రోజులలో జ్వరము దిగును.

పరికరము తెప్పించుటకు ముందు యంత్రము చుట్టూ ఒకసారి తిరిగి చూడుమని మా వృత్తిలో పెద్దలు నేర్పుదురు. రోగి విషయములోనూ అంతే. చంకలు, గజ్జలు, నడుము పట్టీ క్రింద, పిల్లలకు చెవి వెనుక చూడుడు. సిగరెట్టు కాల్చినట్లు నల్లని పక్కు కట్టిన మచ్చ ఉండవచ్చును. నొప్పి, దురద ఉండవు గనుక రోగి చెప్పడు. మచ్చ లేనంత మాత్రాన వ్యాధి లేదనరాదు. గడ్డిలో తిరిగిన సంగతి వైద్యునికి తప్పక చెప్పుడు.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వారి ఆధ్వర్యమున తీవ్ర రోగులపై జరిగిన పరిశోధన 2023లో వెలువడినది. మరణము, అయిదవనాటికీ వీడని జ్వరము, ఏడవనాటికీ తగ్గని ఉపద్రవములు కలిపి లెక్కింపగా, డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 47 శాతము, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 48 శాతము, రెండూ నరము ద్వారా ఇచ్చినవారిలో 33 శాతము. మరణాలలో మాత్రము చెప్పుకోదగిన తేడా కనబడలేదు. గర్భిణులకు సాధారణముగా అజిత్రోమైసిన్ ఇత్తురు.