సంగీతగోష్ఠిలో యుద్ధచర్చ

2025వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన కాశ్మీరమునందలి పహల్‌గాములో ఉగ్రవాదులు 26 మందిని కాల్చిచంపిరి. మే 7వ తేదీన మన సైన్యము బదులు తీర్చినది. 10వ తేదీ సాయంకాలమునకు కాల్పుల విరమణ జరిగినది. ఆ నాలుగు దినముల సంఘర్షణ సరిహద్దున ఆగినది గాని మన యూళ్లలో ఆగలేదు. మంథనిలో మేమెరిగిన యొక భజన బృందమున, ఏండ్ల తరబడి వారమువారము కూడి పాడిన వారిలో ఒకరు "యుద్ధమువలన ఏ సమస్యయు తీరదు" అనిరి. మృదంగము వాయించు నాయన "నీవు దేశద్రోహివి" అనెను. మొదటివారును ఊరకుండక "నీకు రక్తపిపాస పట్టినది" అనిరి. మరుసటి వారము మృదంగము రాలేదు. పెద్దలు నడుమ బడి "ఇకమీదట ఇచ్చట రాజకీయములు మాటలాడరాదు" అని కట్టడి చేసిరి. ఇప్పుడందరును వచ్చుచున్నారు, పాడుచున్నారు. మంగళహారతి కాగానే ఒకరి మొగమొకరు చూడక చెప్పులు తొడుగుకొని పోవుచున్నారు. ఇది శాంతియని పెద్దలు సంతోషించుచున్నారు. మేము సంతోషింపజాలము.

సంగీతమునకు రాజకీయములతో పనిలేదను మాట ఈ గడ్డమీద చెల్లదు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు తమ వసతిగృహములలో వందేమాతరము పాడిరి. పాడరాదని అధికారులు శాసించిరి. మానమన్న వారిని వెళ్లగొట్టిరి. వారిలో అనేకులు నాగపూరు చేరి చదువు ముగించుకొనిరి. ఆ విధముగ బహిష్కృతులైన విద్యార్థులలో నొకరు పి.వి. నరసింహారావుగారు. 1957 మొదలు ఇరువది సంవత్సరములు ఈ మంథని నియోజకవర్గమునకు ప్రతినిధిగా నుండినది వారే. పాటకును రాజకీయమునకును సంబంధము లేదని ఆనాటి యువకులు నమ్మియుండినచో నిజాము రాష్ట్ర స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో ఒక ముఖ్యాధ్యాయమే లేకుండెడిది.

యుద్ధమనగా ఏమియో ఎరుగని ప్రాంతమా మనది? శాసనసభ మాజీ స్పీకరు, మంథని మాజీ సభ్యులు శ్రీపాదరావుగారు 1999లో నక్సలైట్ల తుపాకులకు బలియైరి. మన పెద్దపల్లిలో పుట్టిన యన్నదమ్ములలో నొకడైన మల్లోజుల కోటేశ్వరరావు 2011లో పశ్చిమ వంగరాష్ట్రపు అడవిలో కాల్పులలో మరణించెను. తమ్ముడు వేణుగోపాలరావు 2025 అక్టోబరులో గడ్చిరోలిలో ఆయుధము దించెను. ఒక్క తల్లి బిడ్డలు! ఈ నడుమ పోలీసుల యిండ్లలోను అడవికి పోయినవారి యిండ్లలోను ఎందరు తల్లులు ఏడ్చిరో గోదావరికే తెలియును.

ఆ దశాబ్దములలో పాట పక్కన నిలుచుండి చూడలేదు. గద్దరు పాట ఎందరినో అడవికి నడిపినదని నిందించువారు కలరు. పేదవాని గోడు లోకమునకు వినిపించినదని మెచ్చువారును కలరు. అయితే 2004 అక్టోబరులో ప్రభుత్వమును నక్సలైట్లును హైదరాబాదులో ఎదురెదురుగ కూర్చుండినపుడు, ఆ రాయబారమున పాలుగొన్నవారిలో ఈ గద్దరును ఉండెను. 2005 జనవరిలో ఆ ప్రయత్నము భగ్నమైనది. మరల తుపాకులే మాటలాడినవి. జీవితమున మొదటిసారి 2018లో ఆయన ఓటు వేసినపుడు పాత సహచరులలో కొందరు అతనిని వెక్కిరించిరి. పాత విరోధులు నమ్మరైరి. 2023లో మరణించిన పిదప ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినప్పుడును వాదము తప్పలేదు. ఒక మనుష్యుడు తన యభిప్రాయమును మార్చుకొనుటకు దారి ఉండవలెనన్నచో, మొదట అతనితో మాటలాడువారుండవలెను. వెలివేయబడినవాడు మారడు, మొండికెత్తును.

శాంతివాదము పిరికితనమను ఆక్షేపణకు జవాబు క్రొత్తగా వెదుకనక్కరలేదు. పిరికితనమునకును హింసకును నడుమ ఎన్నుకొనవలసివచ్చిన హింసయే మేలని గాంధీజీ 1920లోనే వ్రాసిరి. వారి అహింస మరణభయము లేనివాని అహింస. 1940లో దేశరక్షణ విషయమున అహింసనే పట్టుకొని నిలువజాలమని కాంగ్రెసు కార్యవర్గము వారితో స్పష్టముగ చెప్పినది. రాజాజీ ఆ పక్షమున ముందు నిలిచిరి. ఎవరును ఎవరిని ద్రోహి యనలేదు. సుభాష్‌బాబు సేనను కూర్చి యుద్ధమునకు నడచినవాడు. ఆయుధ విషయమున గాంధీజీకి పూర్తిగ ఎదురుదారి పట్టినవాడు. ఆయనయే 1944 జూలైలో రేడియోలో మాటలాడుచు గాంధీజీని జాతిపిత యని పిలిచి ఆశీస్సు కోరెను. ప్రాణములొడ్డిన ఆ మహనీయుల నడుమ చెల్లిన మర్యాద, పడకకుర్చీలో వార్తలు చూచి ఉద్రేకపడు మన నడుమ చెల్లకుండుట ఏమి వింత!

శాంతివాదులకును మేమొక మాట చెప్పవలసియున్నది. సైనికుని రక్తపిపాసి యనుట అహింస కాదు. అది నాలుకతో చేసిన హింస. పహల్‌గామున భర్తను పోగొట్టుకొన్న యిల్లాలికి మీరేమి చెప్పుదురు? హంతకులను ఏ ఉపాయమున అడ్డగింతురు? ఈ ప్రశ్నలకు జవాబు వెదుకక శాంతి శాంతి యని జపించుట సరిపోదు. అట్లే యుద్ధమును కోరువారిని మేమడుగుచున్నాము: 1998 మే నెలలో అణుపరీక్షలు జరిపిన రెండు దేశముల నడుమ పోరు రేగినచో ఎచ్చట ఆగవలెను? ఎవరు ఆపవలెను? ఈ రెండు ప్రశ్నలును న్యాయమైనవే. రెండింటిని ఒకే చాపమీద కూర్చుండి విచారింపకున్న జవాబు దొరకదు.

మేము న్యాయస్థానములలో తిరుగువారము. అచ్చట ఉదయమంతయు ఎదుటి ప్లీడరు వాదమును ముక్కలు చేసి, మధ్యాహ్నము ఆయనతోనే తేనీరు త్రాగుదుము. ఎదుటిపక్షమును వినక యిచ్చిన తీర్పు తీర్పే కాదని మాకు నేర్పిరి. గాయకులకు ఈ పాఠము మా వద్ద నేర్వనక్కరలేదు. వారి శాస్త్రముననే యున్నది. స్వరములలో వాది, సంవాది, అనువాది యనునవి కలవు, వివాదియు కలదు. డెబ్బదిరెండు మేళములలో నలువది వివాది మేళములే! పెద్దలు వానిని పారవేయలేదు. త్యాగరాజస్వామి ఘనరాగ పంచరత్నములలో నాట, వరాళి రెండును వివాది స్వరములు గలవే. ఏ స్వరమును ఎచ్చట, ఎంత నొక్కి పలుకవలెనో తెలిసినవాని నోట వివాది రక్తికట్టును; తెలియనివాని నోట సంవాదియు అపస్వరమే.

కావున మంథని గాయకసోదరులకు మా మనవి: ఆ కట్టడిని ఎత్తివేయుడు. దానికి బదులు వేరు నియమములు పెట్టుకొనుడు. పాట ముగిసిన తరువాతనే చర్చ. ఒకరు మాటలాడునపుడు మరొకరు అడ్డుపడరాదు. ఎదుటివాని వాదమును అతడొప్పుకొనునట్లు ముందు తిరిగి చెప్పి, పిమ్మటనే ఖండింపవలెను. ద్రోహి, హంతకుడు అను మాటలు గుమ్మము బయట విడువవలెను. ఎంత వాదము జరిగినను మరుసటి వారము రాక మానరాదు.

దేశమున ప్రజాస్వామ్యము నిలుచునా యని పెద్దపెద్ద వేదికలపై చింతించువారు పెక్కుమంది. పదిమంది కూడి ఒకే శ్రుతిలో పాడగలిగినవారే ఒక గడియ మర్యాదగా భేదపడజాలకున్నచో, శాసనసభలలోని వారిని మనమేమని నిందింపగలము? మౌనమును శాంతియని భ్రమింపకుడు. మాట తెగినచోటనే కత్తి మొలచును. దీనికి మన ప్రాంతము కంటె పెద్ద సాక్ష్యమేల?