చార్జి యను మాట

ఇంగ్లీషు మాటలలో కొన్ని చూచుటకు చిన్నవి, మోయు పనులు పెద్దవి. అట్టివానిలో 'చార్జి' యొకటి. ఇంగ్లీషక్షరమెరుగని పల్లెటూరి ముదుసలి సైతము దీనిని దినమునకు పలుమారు పలుకును. బస్సులో చెల్లించునది చార్జి. సెల్లుఫోనున కెక్కించునది చార్జి. పోలీసులు గుంపుపై చేయునది లాఠీచార్జి. న్యాయస్థానమున దాఖలు పరచునది చార్జిషీటు. అధికారి బదిలీ కాగా ఆ కుర్చీలో కూర్చుండువాడు ఇన్‌చార్జి. రోగి యాసుపత్రి వదలుట డిశ్చార్జి. ఇన్ని పనులు చేయు మాటను మెచ్చుకొందుమా, అనుమానింతుమా?

దీని పుట్టుక మిక్కిలి సామాన్యము. లాటినున 'కర్రస్' అనగా బండి. బండిపై బరువెక్కించుట యను నర్థమున దానినుండి యొక క్రియ పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషున ప్రవేశించినది. కారు, కార్గో అనునవి దీని జ్ఞాతులే. తుపాకిలో మందు దట్టించుట బరువెక్కించుట. పని యప్పగించుట యొకని తలపై బరువు పెట్టుట. వెల యడుగుట కొనువానిపై భారము వేయుట. నేరమును మనమును 'మోపుదుము' గదా! ఈ తలపు మనకు క్రొత్తది కాదు. విద్యుత్తునకు సంబంధించిన చార్జిని మన శాస్త్రగ్రంథములు 'ఆవేశము' అని చక్కగా తెనిగించినవి.

ఇంగ్లీషువానికి ఈ నానార్థములవలన చిక్కు లేదు. వాక్యములోని యితరపదములు ఏ యర్థమో వానికి చెప్పును. మనకట్లు కాదు. మాట వచ్చినది, దాని వాక్యము రాలేదు. వేరు తెగిన కొమ్మవలె అది మన నోట నిలిచినది. బస్సు చార్జి విషయమున దీనివలన నష్టము లేదు. జేబులోని రూక పోవుట ఎల్లరకు తెలియును. మనిషి దేహమును, స్వేచ్ఛయు, పరువును ముడివడియున్నచోట మాత్రము ఈ మాట తెరవలె పనిచేయుచున్నది. మా పోరు ఆ తెరతోనే.

లాఠీచార్జి సంగతి చూడుడు. ఇంగ్లీషు యుద్ధభాషలో చార్జి యనగా శత్రువుపైకి దుముకుట. 1854 అక్టోబరు 25న బాలక్లావాలో ఇంగ్లీషు ఆశ్వికదళము ఫిరంగుల కెదురుగా దుమికెను. ఎదుట ఫిరంగి యున్నది గనుక ఆ మాటకొక గౌరవము. 1928 అక్టోబరు 30న లాహోరున సైమను కమీషనును నిరసించిన జనముపై పోలీసులు లాఠీలెత్తిరి. ఆ దెబ్బలు తిన్న లాలా లజపతిరాయి నవంబరు 17న మరణించెను. అక్కడ జనముచేత ఏ ఫిరంగి యున్నది? అయినను పేరు మాత్రము చార్జియే. నేటికిని 'స్వల్ప లాఠీచార్జి జరిగినది' అని పత్రికలు వ్రాయుచున్నవి. ఆ వాక్యమున కొట్టినవాడు లేడు, దెబ్బ తిన్నవాడు లేడు. వాన కురిసినట్లు ఏదో జరిగిపోయినది. స్వల్పమా యధికమా యనుట వీపునకు తెలియును గాని విలేకరి కెట్లు తెలియును? 'పోలీసులు జనమును లాఠీలతో కొట్టిరి' అని వ్రాయుడు. ఎవరిని, ఏల, ఎవరి యాజ్ఞచేత నను ప్రశ్నలు వాటంతటవే లేచును.

చార్జిషీటు గతియు నిట్టిదే. అది దర్యాప్తు ముగిసిన పిమ్మట పోలీసులు న్యాయస్థానమున కిచ్చు నివేదిక మాత్రమే. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు, 193వ విభాగమున, దానిని పోలీసు అధికారి నివేదిక యనియే పేర్కొనుచున్నది. న్యాయాధికారి దానిని పరిశీలించి అభియోగమును నిర్ణయించుట వేరు. విచారించి తీర్పు చెప్పుట మరియు వేరు. ఊరివారికి ఈ మెట్లు కనబడవు. 'చార్జిషీటు పడినదట' యన్న మాట వినగానే నేరము రుజువైనదని తలతురు. తీర్పునకు ముందే సంబంధములు తప్పును, కొలువులు పోవును. అభియోగపత్రమని వ్రాయు పత్రికలు లేకపోలేదు. 'ఇది తీర్పు కాదు' అను ముక్కను గూడ చేర్చిన మరింత మేలు.

1962లో హరికిషన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, నిర్బంధింపబడినవానికి కారణములను అతడెరుగని ఇంగ్లీషున నిచ్చుట చాలదనియు, తెలిసిన భాషలో తెలుపవలెననియు నిర్ణయించెను. ఇంగ్లీషు మాటకు తెలుగులిపి తొడిగినంత మాత్రమున అది తెలిసిన భాష యగునా?

ఇక ఇన్‌చార్జి. ఇంగ్లీషున దాని యర్థము బరువు మోయువాడని. మన కార్యాలయములలో 'నేను ఇన్‌చార్జిని మాత్రమే, అసలువారు వచ్చినపుడు రండు' అని బరువు దింపుకొనుటకు అదే మాట సాధనమైనది. బాధ్యుడని పిలిచి చూడుడు; ఆ 'మాత్రమే' నోట రాదు.

మమ్ము ఛాందసులని కొందరందురు. భాష యన్నిటిని జీర్ణించుకొనవలదా యందురు. జీర్ణించుకొనవలెననియే మేమును చెప్పుచున్నాము. రుసుము, కిరాయి, ఫిర్యాదు, జవాబుదారి, ఇవి యెక్కడివి? అరబ్బీ పారసీకములనుండి వచ్చినవే. ఒక్కొక్కటి యొక్కొక్క పనికి కుదురుకొన్నది గనుక అవి తెలుగైనవి. చార్జి యన్నిటికిని పనికివచ్చి దేనికిని బాధ్యత వహించుట లేదు. సెల్లుఫోనుకు చార్జింగు పెట్టుకొనుడు, మాకు తగవు లేదు. నేరము మోపునప్పుడు అభియోగమనుడు, సొమ్ము గొనునప్పుడు రుసుమనుడు, అధికారము నప్పగించునప్పుడు బాధ్యత యనుడు, కొట్టినప్పుడు కొట్టితిమనుడు. ఆంధ్రప్రదేశమున అధికారభాషాచట్టము 1966లోనే వచ్చినది. చట్టము తెలుగును కార్యాలయపు గుమ్మము దాక తేగలదు. లోనికి పిలువవలసినవారు వ్రాయువారే.

బరువు మోయువాడు తన తలపై నేమున్నదో తెలిసికొన గోరుట దోషము కాదు. దానిని వానికి తెలిసిన మాటలో చెప్పుట చదువుకొన్నవారి కర్తవ్యము.